నిద్ర లేని పిడికిలి

సినిమా ఫైటర్ ఓంప్రకాష్ పన్నెండేళ్లలో ఒక్కరికి కూడా నిజమైన దెబ్బ తగలనివ్వలేదు. ఆ ఉదయం ఫిల్మ్‌నగర్ సెట్లో తోటి ఫైటర్ శౌరి, "అడుగు తప్పావు, మళ్లీ చేద్దాం" అన్నాడు. అంతే, ఓంప్రకాష్ అతని దవడ పగలగొట్టాడు. కిందపడ్డ మనిషి ఛాతీ మీద కూర్చుని, పళ్లు ఊడి నెత్తురు కారుతున్నా కొడుతూనే ఉన్నాడు. నలుగురు పట్టి లాగితే గానీ ఆగలేదు.

"ఏమైందిరా నీకు? సంపేస్తవా వాణ్ణి?" అని ఫైట్ మాస్టర్ వెంకటనర్సయ్య అతని చెంప పగలగొట్టాడు. శౌరిని ఆసుపత్రికి పంపి, ఇతణ్ణి బంజారా హిల్స్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

రెండు నెలలుగా రోజూ రెండు షిఫ్టులు. మూడు గంటల నిద్ర. తిండికి బదులు కాఫీ, ఎనర్జీ డ్రింకులు. అంతా విని డాక్టరమ్మ చెప్పింది: "మీ ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ అనే హార్మోన్లు దిగే సందే లేదు. శరీరం ఎప్పుడూ కొట్లాటకు సిద్ధంగా ఉంటోంది. చిన్న మాట కూడా దాడిలా అనిపిస్తుంది."

సాయంత్రం ఓంప్రకాష్ బోరబండలో శౌరి ఇంటికి వెళ్లి, అతని భార్య తెరెసాకు ఇదంతా హార్మోన్ల వల్లేనని చెప్పబోయాడు.

"మా ఆయన్ని కొట్టింది హార్మోన్లా? ఆ పిడికిలి ఎవరిదండీ?" అందామె.

ఓంప్రకాష్ తల దించుకున్నాడు. "నాదే అక్కా. నేనే కొట్టిన."

ఆమె తలుపు వేసేసింది. అతను గుమ్మం ముందు నుంచే మాస్టర్‌కు ఫోన్ చేశాడు. "ఇగ రోజుకు ఒక్క షిఫ్టే చేస్త. కాదంటే తీసెయ్యిండ్రి."

"శౌరి కోలుకున్నంక చూద్దాం," అన్నాడు మాస్టర్. "అప్పటిదాక సెట్టుకు రాకు. తిని పండుకో."