మూడోసారి ఏమంది?

పై వాటాలోని క్లారినెట్టు అమ్మాయి వాయించవలసిన సోలో చివర ఒకే నాలుగు స్వరాలు ముమ్మారు వస్తాయి. కాగితం మీద మొదటి రెండింటికీ ‘మెల్లగా’ అని, మూడోదానికి ‘ఇంకా మెల్లగా’ అని రాసి ఉంది. అంతకుమించి ఒక్క ముక్క లేదు. వాద్యబృందంలో ఖాళీగా ఉన్న కుర్చీ ఆ మూడోసారి దగ్గరే ఆమెకు చేజారింది. కిందటేడు పరీక్షలో, వాయించేదెవరో కనబడకుండా కట్టిన తెర అవతలి పెద్దలు, “చివర మాకేమీ వినబడలేదు” అనేశారు.

తప్పంతా కింది వాటాలోని దర్జీదేనని ఆమె నమ్మకం. సరిగ్గా ఆ చోటికి రాగానే ఆయన గజంబద్దతో కప్పును టకటకా పొడుస్తాడు. ఆమె హడలిపోయి పెదాలు బిగించి, ఊపిరి ఇంకాస్త కుదిస్తుంది. నాదం పొగచూరిన దీపంలా కొడిగట్టిపోతుంది. బద్ద ఇంకా గట్టిగా మోగుతుంది.

“ఇంకొంచెం తగ్గించావంటే సోలో ఆయనదే అవుతుంది,” అన్నాడు భర్త, బట్టలు మడతపెడుతూ.

రేపు మళ్ళీ పరీక్ష అనగా ఆమెకు తిక్కరేగింది. “పొడుచుకోనీ. కప్పు ఊడితే ఆయన నెత్తినే పడుతుంది,” అని పొట్ట నిండా గాలి పీల్చింది. మొదటిసారి కిటికీలోంచి పిలిచినట్టు తేటగా వాయించింది. రెండోసారి కొంగు పట్టుకు లాగినట్టు. మూడోసారి ఊపిరి కుదించలేదు. నిండు ఊపిరినే దారంలా సన్నగా వదిలింది. స్వరం చెవి దగ్గరికొచ్చి చెప్పిన మాటలా వెచ్చగా పలికింది.

కింద చప్పుడు లేదు. కాసేపటికి తలుపు చప్పుడయింది. మెడలో టేపుతో దర్జీ.

“ఈ ఒక్కరోజూ ఓర్చుకోండి, బాబాయ్,” అందామె.

“ఇంకా ఏం ఓర్చుకోనమ్మాయ్? మొదటిసారి పిలుస్తుంది. రెండోసారి బతిమాలుతుంది. మూడోసారి ఏమంటుందోనని మిషను ఆపి చెవి పైకి పెడతానా, తీరా అక్కడికొచ్చేసరికి నోరు నొక్కేస్తావు. ఎన్నిసార్లని పొడవను?”

“గట్టిగా ఉందనేమో అనుకున్నాను.”

“గట్టిగానా? నా మిషను కన్నానా?”

భర్త నవ్వాపుకోలేక మడతపెట్టిన చొక్కాలో మొహం దాచుకుని గోడకు జారగిలబడ్డాడు. “ఇంతకీ ఇవాళ ఏమంది, బాబాయ్?” అన్నాడు కాస్త తేరుకుని.

“సరేలే, నువ్వే గెలిచావంది. లోపల్లోపల నవ్వుకుంటూ అంది.”

ఆమె ఇన్నాళ్ళూ దాన్ని వీడ్కోలనుకుని ఏడుపు గొంతుతో వాయించింది.

మర్నాడు తెర ముందు నిలబడి వాయించింది. మూడోసారి వచ్చేసరికి ఆమె పెద్దల్ని వదిలేసి, తన ఇంటి నేల కింద చెవి నిక్కించి కూర్చున్న మనిషిని తలుచుకుంది. గొంతు తగ్గించడం వేరు, గొంతు నొక్కుకోవడం వేరు. స్వరం నవ్వు దాచుకుని సన్నగా, నిండుగా సాగింది. తెర అవతల కుర్చీలు ముందుకు జరిగిన చప్పుడు ఆమెకు వినబడింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా నేరుగా దర్జీ గదిలోకి నడిచింది.

“బాబాయ్, నల్లకోటు కుట్టాలి. బృందంలో అందరూ అదే వేసుకుంటారట.”

దర్జీ మిషను ఆపాడు. మెడలోని టేపు తీసి ఆమె చుట్టూ తిప్పాడు. ఆమె అలవాటుగా పొట్ట లోపలికి లాక్కుంది.

“అట్లా బిగబట్టకు. నిండా పీల్చి నిలబడు,” అన్నాడు. “మూడోసారికి గుండీలు పట్టేశాయంటే మళ్ళీ నేను బద్ద తియ్యాలి.”