ముడిలో రెండు నీలాలు

నమూనా ముడిని ఎవరో మార్చారని ప్రభుదాసుకు రూఢి అయింది గురువారం పొద్దున.

గద్వాలలో అతని అద్దకం పాక. తూరుపు గోడకు మేకు, మేకుకు తాడు, తాడు పొడుగునా ముళ్లు. ఒక్కో రంగుకు ఒక్కో ముడి. ప్రతి ముడిలోనూ ఒక పట్టు పోగు, ఒక నూలు పోగు కలిపి బిగించి ఉంటాయి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. పట్టుకు వేసే రంగు పొడి వేరు, నూలుకు వేసేది వేరు. అయినా ఎండలో పెడితే రెండూ ఒకటే అనిపించాలి. అనిపించిందో లేదో చెప్పవలసింది అద్దేవాడి కన్ను. ముప్పై ఏళ్లుగా ప్రభుదాసు కన్నే చెబుతోంది.

రెండు నెలలుగా ఆనంద నీలం అనే రంగు కుదరడం లేదు. పట్టు ఊదా వైపు జారిపోతోంది, నూలు నీలంగానే ఉంటోంది. రంగు పొడుల తూకం అతని భార్య లలితమ్మది. గంగాళంలో చిలపలు, అంటే పోగుల కట్టలు, ముంచేది, ఆరేసేది అతను. తన చేతిలో తప్పు లేదని అతనికి తెలుసు. అయితే తప్పు త్రాసు దగ్గరే ఉండాలి.

ఆ పొద్దున పాత ముడిని విప్పకుండానే ఎండలోకి పట్టుకెళ్లి చూశాడు. తొమ్మిదేళ్ల కిందట తన చేతులతో వేసిన ముడి. అందులోనూ పట్టు నీలం వేరు, నూలు నీలం వేరు. కొత్త సరుకు చెడిందంటే పొరపాటు అనుకోవచ్చు. నమూనా కూడా చెడిందంటే పొరపాటు కాదు. ఎవరో కూర్చుని, ఓపికగా, తన ముడి లాంటి ముడే వేశారు.

ఎవరు వేస్తారు? లలితమ్మ తమ్ముడు ఇస్రాయేలు పోయిన క్రిస్మస్‌కు రాజోలిలో సొంతంగా అద్దకం పెట్టాడు. ఆమె అప్పటినుంచి రెండుసార్లు పోయి వచ్చింది. అసలు ముడి అక్కడికే చేరి ఉండాలి. రెండోసారి వచ్చినప్పుడు తలనొప్పి అని తొందరగా పడుకుంది. అప్పుడు ఆ తలనొప్పిని నమ్మినందుకు ఇప్పుడు తన మీద తనకే కోపం వచ్చింది.

రంగులూ త్రాసూ ఉండే అల్మారాకు తాళం వేసి, చెవిని నల్లదారానికి కట్టి మెడలో వేసుకున్నాడు.

"తాళమెందుకేసినవ్?" అంది లలితమ్మ.

"ఎలుకలు తిరుగుతున్నయ్."

"రంగు తినే ఎలుకలా? అయితే మూతి నీలంగుంటది. పట్టుకుందాం తియ్."

అతను నవ్వలేదు. "ముడి ఎవరు మార్చిన్రు?"

ఆమె ముందు తాడు వైపు చూసింది, తర్వాత అతని మెడలోని దారం వైపు. "ఇరవై ఆరేండ్లు తూకమేసిన చెయ్యి ఇది. ఆదివారం దాంక చూస్త. తాళంచెవి నా చేతికి రాకుంటే చర్చి అయినంక అటే రాజోలి బస్సెక్కుత. అప్పుడు నువ్వనుకున్నదే నిజమైతది."

సాయంత్రం, వాళ్లు అద్దిన పోగులతో చీరలు నేసే మగ్గాల జంగయ్య వచ్చాడు. "మొన్నటి చిలపలు అద్దినట్టు కుదిరినయ్ అన్నా," అన్నాడు.

"కుదిరినయా? నీకు గట్ల అవుపడ్డదా?"

"నాకేంది, ఎవరికైనా గట్లనే అవుపడ్తది."

ఆ మాట అంటున్నప్పుడు జంగయ్య తన వైపు చూడలేదు, లలితమ్మ వైపు చూశాడు. ఆ చూపును ప్రభుదాసు రాత్రంతా నెమరేశాడు. జాలి కావచ్చు. ఇద్దరికీ తెలిసిన సంగతి కావచ్చు. ఏదైనా తన పేరే అందులో ఉంది.

శుక్రవారం కూతురు అర్చన వనపర్తి నుంచి వచ్చింది. అక్కడ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం. చెప్పకుండా రావడం ఆమెకు అలవాటు లేదు. తల్లే ఫోన్ చేసి ఉంటుంది. అర్చన తండ్రి చెప్పింది విన్నది, ముడిని చేతిలో తిప్పి చూసింది. "రేపు ఇద్దరూ నాతోని కాలేజీకి రండ్రి. ఒకటి చూపెడ్త," అంది.

శనివారం మధ్యాహ్నం ముగ్గురూ ల్యాబులోని చీకటిగదిలో ఉన్నారు. బల్ల మీద రెండు చిన్న లేజర్లు, వాటికెదురుగా ఒక సుద్దపలక. కాగితం పెడితే ఊదా వెలుగుకు కాగితమే మెరుస్తుందట, అందుకని సుద్ద.

"ఇది నాలుగొందల ఐదు, ఇది నాలుగొందల డెబ్బై మూడు," అంది అర్చన.

"తులాలా?"

"నానోమీటర్లు నాయనా. వెలుగు అల పొడుగు. ఇది ఊదా నీలం, అది ఆకాశం నీలం. రెండూ ఒక్కచోట పడితే కన్నుకు రెండని తెల్వది. నడుమ రంగొకటి అవుపడ్తది. పక్కన పడుతున్నది మామూలు బల్బు వెలుగు, నీలం అద్దంల నుంచి వస్తుంది. ఈ చక్రం తిప్పితే ఊదా ఎక్కువ తక్కువైతది. మన ముడిల పట్టు, నూలు లెక్క రెండు మచ్చలు ఒకటే అనిపించేదాంక తిప్పాలె. మచ్చనే చూడున్రి, లేజర్ల మూతి దిక్కు చూడొద్దు."

లలితమ్మ ముందు కూర్చుంది. చక్రం పక్కనున్న అంకెను అర్చన చదివింది: ముప్పై నాలుగు. అర్చన తిప్పితే ముప్పై ఒకటి. ప్రభుదాసుకు పద్నాలుగు దగ్గరే రెండు మచ్చలూ కలిసిపోయాయి. ముప్పై దగ్గర అతనికది వంకాయ రంగు.

"నాకాడికి రాంగనే నువ్వు కింద ఏదో తిప్పినవ్," అన్నాడు.

చీకట్లో కూతురి ముఖం కనిపించలేదు. "నేను బయటుంట. నువ్వే తిప్పుకో. ఒక్కో కన్ను మూసి చూడు," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

అతను ఎడమ కన్ను మూశాడు. మచ్చలో ఊదా దాదాపు ఆరిపోయింది. చక్రం నలభైకి, అరవైకి, డెబ్బైకి తిప్పాడు. ఇంకా చాలలేదు. కుడి కన్ను మూసి ఎడమ తెరిచాడు. సుద్దపలక మీద ఊదా భగ్గుమంది. పన్నెండుకు తగ్గించాల్సి వచ్చింది.

జనవరిలో కంటి శిబిరంలో ఎడమ కంటి పొర తీసి లోపల కొత్త అద్దం పెట్టారు. కుడి కన్ను తర్వాత చేస్తామన్నారు. కట్టు విప్పిన రోజు ఒక కంటికి లోకం నీలంగా, ఇంకో కంటికి టీ మరకలా ఉందని అతనే చెప్పాడు. నెలరోజుల్లో అలవాటైపోతుంది అన్నాడు డాక్టరు. నెల గడిచింది. గడిచింది కాబట్టి సర్దుకుందనే అనుకున్నాడు. మళ్లీ ఎన్నడూ ఒక కన్ను మూసి చూడలేదు. అంటే మారింది ముడి కాదేమో, కన్నేమో.

అయినా ఒక్కసారికి నమ్మలేదు. కళ్లు మూసుకుని చక్రాన్ని అటూ ఇటూ తిప్పి, మళ్లీ మొదలుపెట్టాడు. వైర్లు తడిమాడు. బల్ల కింద చెయ్యి పెట్టి చూశాడు. ఏడెనిమిదిసార్లు చేశాడు. అంకెలు ఒకటో రెండో అటూ ఇటూ, అంతే. గదిలో అనుమానించడానికి అతను కాక మిగిలింది లలితమ్మ ఒక్కతే. మచ్చల వెలుగులో ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"అయితే ముడి నువ్వు మార్చలేదు," అన్నాడు.

"ముడి మార్చలే."

అతనికి ఆ జవాబులో ఒక మూల గుచ్చుకుంది. ముడి మార్చలేదు. "మరేం మార్చినవ్?"

లలితమ్మ కుర్చీని అతని వైపు జరుపుకుంది. "మూడేండ్ల నుంచి నువ్వు పట్టుకు ఊదా చాలలే, ఇంక వెయ్, ఇంక వెయ్ అంటుంటివి. నీ కన్నుల పొర అప్పుడే మొదలైంది గావచ్చు. నువ్వన్నంత వేస్తే జంగయ్య అంచులన్నీ వంకాయలైతుండె. నేను వెయ్యకుండనే వేసిన అంటుంటి."

"నేను చూస్తుంటి గద."

"చూస్తుంటివి. వేసిన అనంగనే, ఆఁ, ఇప్పుడు కుదిరింది అంటుంటివి."

"జంగయ్యకు ఎరుకనా?"

"ఎరుకనే."

అతను చక్రం మీది చెయ్యి తీశాడు. రెండు నెలలుగా వెతికిన తప్పు దొరికింది. కానీ అతను వెతికిన చోట కాదు, వెతికిన కాలంలోనూ కాదు. రంగు తప్పుగా కనిపించిన ఈ రెండు నెలలూ ఆమె నిజమే చెప్పింది. రంగు నిండుగా, కుదురుగా కనిపించిన ఆ మూడేళ్లూ అబద్ధం చెప్పింది. అప్పుడు తను చూసింది ఆమె మాటను.

అర్చనను అక్కడే వదిలి ఇద్దరూ గద్వాల బస్సెక్కారు. పెబ్బేరు దాటింది. బీచుపల్లి వంతెన మీదకు వచ్చాక అతను కృష్ణ నీళ్లను ఒకసారి ఈ కంటితో, ఒకసారి ఆ కంటితో చూశాడు.

"రేపు చర్చి అయినంక ఎటు పోతవ్?" అన్నాడు.

"అది నీ మెడల ఉంది."

"ఇగ మీదట వెయ్యకుండ వేసిన అంటవా?"

"అనను. వేస్తే వేసిన అంట. వెయ్యనిది వెయ్యలే అంట."

"నాకెట్ల తెలుస్తది?"

లలితమ్మ కిటికీ వైపు తిరిగింది. "నీకు తెల్వది," అంది.

వంతెన అయిపోయింది. అతను దారాన్ని తల మీదుగా తీసి, తాళంచెవిని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగు చివర పెట్టి ముడేసింది. నీలం కొంగు. అది ఏ నీలమో అతను అడగలేదు, ఏ కన్నూ మూసి చూడలేదు. ముడి ఊడకుండా ఉందా లేదా అని మాత్రం ఎర్రవల్లి వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.