ఎడమ పక్క బ్రేకు

తడిగుడ్డతో డ్రైవరు వైపు మూడు పెడళ్లూ తుడిచి, యోహాను కారు చుట్టూ తిరిగి వచ్చి ఎడమ తలుపు తీశాడు. ఇటువైపు ఉన్నవి రెండే, క్లచ్చూ బ్రేకూ. నేర్పేవాడికి వేగం పెంచే పని లేదు కాబట్టి మూడోది, రేసు, ఉండదు. వంగి రెండింటినీ అరచేత్తో నొక్కి వదిలాడు. నడుము పట్టుకొని మెల్లగా లేచాడు. వనపర్తిలో ఇంకా షట్టర్లు లేవలేదు. ఎదుటి హోటల్లో మాత్రం స్టవ్వు మోత వినిపిస్తోంది.

అతనికి అరవై ఒకటి. సన్నటి మనిషి, మెడ నరాలు పైకి తేలి కనిపిస్తాయి. ఇరవై రెండేళ్లుగా ఈ డ్రైవింగు స్కూల్లోనే పని. అంతకుముందు టిప్పరు నడిపాడు. వయసులో ఉన్నప్పుడు సొంతూరు గట్టు నుంచి మేస్త్రీ వెంట డ్యాం పనికి పోయి, మట్టి తట్టలు మోస్తూ, డ్రైవర్లు మధ్యాహ్నం కునుకు తీసే వేళ టిప్పరెక్కి ఏ పెడల్ ఏం చేస్తుందో తనంతట తానే తెలుసుకున్నాడు. పట్టుబడి రెండుసార్లు దెబ్బలు తిన్నాడు. నేర్పడానికి కూచున్నాక మాత్రం ఎవరి మీదా గొంతు పెంచలేదు.

మొన్నమొన్నటి దాకా వట్టి కాళ్లతోనే కూచునేవాడు. పెడల్ సంగతి అరికాలికి తెలిసినంత కంటికి తెలియదని చెప్పేవాడు. పోయిన నెల ఒక సాయంత్రం భార్య సత్తెమ్మ అతని కుడికాలి నుంచి అంగుళం తుమ్మముల్లు లాగింది. అది ఎప్పుడు దిగిందో అతనికి తెలియదు. షుగరుతో స్పర్శ పోతోందనీ, రోజూ కాళ్లు కళ్లతో చూసుకోవాలనీ దవాఖానలో చెప్పారు. అప్పటినుంచి బూట్లు వేసుకుంటున్నాడు. స్కూల్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. పోయింది వేళ్ల చివర్లే కదా అనుకున్నాడు.

ఏడింటికి స్వరూప వచ్చింది. ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఊళ్లో అంగన్‌వాడీ టీచరు, ముప్పై ఆరేళ్ల మనిషి. కొంగు నడుముకు దోపుకుంటూనే కారెక్కింది. ఆమె భర్త నాగేశ్‌కు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు ఇక్కడి దవాఖానలో డయాలిసిస్. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తన పాత కారు తనే నడుపుకుంటున్నాడు. పోయిన నెల తిరుగుదారిలో కళ్లు మూతలు పడి కారు పొలం గట్టెక్కింది. ఆ మర్నాడే స్వరూప ఇక్కడ పేరు రాయించింది. ఈ రోజు పదకొండింటికి లైసెన్సు పరీక్ష.

"మిషన్ మీద పండవెట్టి వచ్చిన సార్," అంది. "పదకొండున్నరకు ఇడుస్తరంట. పాసైతే నేనే తోలుకపోత అన్న. నవ్విండు."

"నవ్వనియ్యి. మడిమ యాడ ఉంది?"

స్వరూప కిందికి చూడబోయింది.

"చూడకు. చెప్పు."

"బ్రేకు కింద, నేల మీద."

"ఆఁ. మడిమ గాడ్నే ఉండాలె. రేసుకు వేళ్లు కుడికి తిప్పు, బ్రేకుకు సక్కగ తే. కుడికాలుకు రెండు పనులు. ఎడమకాలుకు క్లచ్చు ఒక్కటే. పని లేనప్పుడు దాన్ని పక్కకు పెట్టుకో."

ఆమె చిక్కంతా అక్కడే. కంగారు పుడితే ఎడమకాలు బ్రేకు మీదికి ఉరికేది, కుడికాలు రేసు మీదే ఉండిపోయేది. కారు గుర్రుమని అరిచేది. నాగేశ్ నేర్పబోయి, మూడో రోజు తిట్టి దిగిపోయాడట. యోహాను ఆమెతో పది రోజులు కేవలం కాళ్ల పనే చేయించాడు. ఇంజను ఆపేసి, కళ్లు మూయించి, రేసు, బ్రేకు, రేసు, బ్రేకు అంటూ చెబుతుంటే ఆమె పిల్లలకు పాట నేర్పినట్టు తనూ పైకి అనుకుంటూ పాదం తిప్పేది. అయినా పక్కన సారు కాలుందన్న ధైర్యంతోనే నడుపుతోందని అతనికి తెలుసు.

ఘణపూర్ రోడ్డెక్కారు. వరికోతలు అయిపోయాయి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. స్వరూప మూడో గేరులో ముప్పై మీద పోతోంది. ఒక మలుపు దాటగానే ఒక ముసలామె కనబడింది. వాళ్ల వైపు వీపు పెట్టి, వడ్లలో పాదాలు ఈడుస్తూ చాళ్లు చేస్తూ తిరగేస్తోంది. చివరిదాకా వచ్చి వెనక్కి చూడకుండా నాలుగడుగులు రోడ్డు మధ్యకు వేసింది.

యోహాను కాలు గట్టిగా తొక్కింది. కారు ముందుకు ఊగి నిలబడిపోయింది. ముసలామెకు మూడు బారల దూరం. ఆమె తిరిగి చూసి, కొంగు సర్దుకొని, మళ్లీ వడ్లలోకి నడిచింది.

స్వరూప స్టీరింగు మీద తల ఆనించింది. భుజాలు కదులుతున్నాయి.

"నాతోటి గాదు సార్. ఇయ్యాల మీరు ఆపకుంటే అవ్వ పానం పోతుండె. పరీక్షకు నేను రాను."

యోహాను తన కాళ్ల వైపు చూస్తున్నాడు. కుడి బూటు బ్రేకు మీద లేదు. బ్రేకుకూ క్లచ్చుకూ నడుమ ఉన్న ఖాళీలో నేలను తొక్కిపట్టి ఉంది. మోకాలి దాకా బిగుసుకొని ఉంది కానీ కింద ఏముందో ఆ కాలికి తెలియలేదు. ఇప్పటికీ అది బ్రేకు మీదే ఉందనిపిస్తోంది. చూస్తే గాని లేదని తెలియడం లేదు.

కాలు మెల్లగా వెనక్కి తీసుకోవచ్చు. 'ఏం గాదమ్మా, నేనున్న గద' అంటే చాలు. ఆమె నమ్ముతుంది. రేపు ఇంకొకరు వచ్చి ఆ సీట్లో కూచుంటారు. ఇంకో ఏడాది, రెండేళ్లు గడుస్తాయి. ముసలామె ఎండలో ఇంకో చాలు తీస్తోంది. వడ్ల మీద ఆమె పాదాల గీతలు వంకర లేకుండా పోతున్నాయి.

"స్వరూపమ్మా, ఇటు చూడు."

ఆమె ముఖం తుడుచుకొని చూసింది.

"నా కాలు యాడ ఉంది?"

ఆమె వంగి చూసింది. "కింద ఉంది సార్. బ్రేకు మీద లేదు."

"తొక్కిన అనుకున్న. తొక్కలే. షుగరుతోటి కాలు మొద్దువారింది, నాకే తెల్వలే. ఇంక నీ కాళ్లు చూసుకో."

స్వరూప ఈసారి తన కాళ్ల వైపు చూసుకుంది. కుడి పాదం బ్రేకు మీద, ఎడమ పాదం క్లచ్చు మీద. ఇంజను ఆగలేదు, సన్నగా తిరుగుతూనే ఉంది.

"నేనే ఆపిన్నా?"

"కారుల ఇంకెవరున్నరమ్మా?"

ఆమె నవ్వలేదు. పాదాలు తీయకుండా అట్లాగే చాలాసేపు చూసుకుంది. తర్వాత మొదటి గేరు వేసింది. కారు వణికేచోట క్లచ్చు ఒక్క క్షణం పట్టి, మెల్లగా వదిలింది.

పదకొండింటికి స్కూలు కారులో పరీక్ష ఇవ్వొద్దన్నాడు యోహాను. దవాఖాన దగ్గరున్న నాగేశ్ కారునే తెప్పించాడు. దానికి ఎడమ వైపు పెడళ్లేమీ లేవు. ఇన్‌స్పెక్టరు చేతిలో అట్టతో ఎక్కి కూచున్నాడు. యోహాను పరీక్ష మైదానం ప్రహరీ పక్కన నిలబడ్డాడు. అక్కడినుంచి కాళ్లు కనబడవు. చక్రాలు మాత్రం కనబడతాయి. అవి ఎట్లా కదులుతున్నాయో చూస్తే పైన పాదం ఏం చేస్తోందో అతను చెప్పగలడు. ఎత్తు మీద ఆగినప్పుడు కారు వెనక్కి జారలేదు. ఎనిమిది అంకె తిరిగేటప్పుడు ఒకసారి ఇంజను ఆగింది. యోహాను కుడికాలు తనంతట అదే బిగుసుకుంది. ఇంజను మళ్లీ అందుకుంది.

పాసైంది. ఆమె కారు దిగగానే ముందు దవాఖానకు పోదాం పదండంది.

నాగేశ్ మెట్ల మీద కూచొని ఉన్నాడు. మోచేతి దగ్గర పట్టీ, ఎండిన పెదాలు. తాళంచెవి ఇమ్మని చేయి చాపాడు. స్వరూప ఇవ్వకుండా కుడి తలుపు తీసి కూచుంది. అతను యోహాను వైపు చూశాడు.

"సార్, నిజంగనే తోలుతదా?"

"పొద్దుగాల నన్నే కాపాడింది. ఎక్కు."

యోహానును స్కూలు దగ్గర దింపడానికి వెనక ఎక్కించుకొని కారు బయల్దేరింది. మొదటి వేగనిరోధకం దగ్గర, పక్క సీట్లో నాగేశ్ కుడి మోకాలు పైకి లేచి కిందికి దిగడం వెనక సీట్లోంచి యోహానుకు కనబడింది. స్వరూప చేయి భర్త మోకాలి మీద ఒకసారి పడి మళ్లీ గేరు మీదికి వెళ్లింది.

మధ్యాహ్నం ఇంకా ఇద్దరు నేర్చుకునేవాళ్లు రావాలి. యోహాను వాళ్లను రావద్దనమని ప్రదీప్‌తో చెప్పాడు. స్కూలు ప్రదీప్ తండ్రి పెట్టింది. ఇదే కారులో, యోహాను పక్కనే ప్రదీప్ కూడా నేర్చుకున్నాడు. అంతా విని అతను కంప్యూటరు మూసేశాడు.

"ఒక్కసారి తప్పింది కాకా. ఎవరు చూసిన్రు?"

"స్వరూపమ్మ చూసింది. నేనే చూపెట్టిన."

"నువ్వే చూపెట్టినవా? ఎందుకు?"

"లేకుంటే ఆమె పరీక్షకు రాకపోతుండె. నేనే ఆపిన అనుకుంటుండె."

ప్రదీప్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆఫీసులో కూచోమన్నాడు. ఫారాలు నింపొచ్చు, రోడ్డు గుర్తులు చెప్పొచ్చు అన్నాడు. యోహాను తల అడ్డంగా ఊపాడు. కారు ముందు నుంచి పోతుంటే లోపల కూచోవడం తనతో కాదన్నాడు. గద్వాల దగ్గర పత్తి విత్తనాల గోదాంలో బావమరిది మల్లన్న ఉన్నాడు, అక్కడ కావలి పని ఉందన్నాడు.

"కొత్తగ వచ్చేటోనికి చెప్పు బిడ్డా. బ్రేకు జర కిందికి దిగింది, బిగించుకోమను. గొంతు మాత్రం పెంచొద్దను."

ప్రదీప్ అతన్ని బస్టాండు దాకా బండి మీద దింపాడు. గద్వాల బస్సు మెట్టెక్కేటప్పుడు యోహాను కిందికి చూసుకొని కాలు పెట్టాడు.

సోమవారం కొత్త మాస్టరు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఎడమ సీటులో కూచొని, ఫోను పెట్టుకుందామని ఎదుటి అర తెరిచాడు. లోపల నీలం చేతిరుమాలుతో కట్టిన చిన్న మూట ఉంది. ఇదేందని ప్రదీప్‌ను పిలిచాడు. ఇద్దరూ బానెట్ మీద పెట్టి విప్పారు. ఒక చెవి బుట్ట, రెండు జడ క్లిప్పులు, బొత్తాం, మూత లేని పెన్ను, సన్నటి వెండి మట్టె. నేర్చుకునేవాళ్ల దగ్గర జారి పెడళ్ల కింద దొరికినవి. ఒక్కోదానికీ దారంతో చీటీ కట్టి ఉంది. చీటీల మీద యోహాను వంకర అక్షరాలతో ఒక పేరు, ఒక ఊరు. మట్టెకు కట్టిన చీటీ మీద మాత్రం 'అచ్చంపేట టీచరమ్మ, పేరు అడగాలె' అని రాసి ఉంది.