ఎనిమిది తొక్కులు

వడమాలపేట రోడ్డు మీద గంగాధరం షెడ్డుకు ఎనిమిది తొక్కుల షెడ్డని పేరు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు జారకుండా చూసేది ఏబీఎస్; కార్లో దాని లోపం లైటు వెలిగితే తిరుపతిలో కంప్యూటరు తగిలించి చూస్తారు. గంగాధరానికి జానెడు వైరు ముక్క చాలు. స్టీరింగు కింది సాకెట్లో రెండు రంధ్రాలు కలిపి, తాళం తిప్పి, లైటు మిణుకుల్ని లెక్కబెట్టి లోపమెక్కడో చెప్పేస్తాడు. ఆ వెంటనే బ్రేకు టకటకా ఎనిమిదిసార్లు తొక్కితే బండి ఆ లోపాన్ని మరిచిపోతుంది. వచ్చేవాళ్ళలో సగం మందికి కావలసింది లైటు ఆరడమే కదా! అందుకే లెక్క ముగియగానే తొక్కడం ఆయన కాలికి అలవాటైపోయింది. పాడు అలవాటు.

ఆ ఉదయం షెడ్డులో నుజ్జయిన కారు ఉంది. అది పరంధామయ్యది. దాన్ని నడిపింది గంగాధరం తమ్ముడు మునిశేఖర్. మూడు రోజుల కిందట వానలో, పుత్తూరు దారి మలుపులో బండి జారి చెట్టుకు కొట్టుకుంది, తమ్ముడు అక్కడే పోయాడు. స్టేషన్లో చోటు లేక పోలీసులే కారును షెడ్డులో పెట్టించారు. డ్రైవరు నిద్రపోయాడని పరంధామయ్య ఊరంతా చాటాడు. ఊరికేం, నోరుంది, నమ్మింది. బడిలో మునిశేఖర్ కూతురు పల్లవిని నిద్రమొహం డ్రైవరు కూతురని పిలిచారట.

మధ్యాహ్నం బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి బండి చూసి రాసుకుపోతాడు. తమ్ముడి భార్య తిరుమలమ్మ అంతవరకూ ఆగలేక షెడ్డుకు వచ్చేసింది.

"లైటు వచ్చి వచ్చి పోతా ఉండాదని ఆయన నాతో సెప్పినాడు బావా. యజమాని బాగుచేయించనీలేదంట. నిజమేనా, సూడు."

గంగాధరం వైరు పెట్టి తాళం తిప్పాడు. మూడు మిణుకులు, కాస్త ఆగి ఒకటి. మళ్ళీ మూడు, ఒకటి. అంటే లోపం ముందు కుడి చక్రం దగ్గర. తమ్ముడు అబద్ధమాడలేదు! నిద్రపోలేదు! ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు, కింద కాలు తన పని తాను చేసుకుపోయింది. ఎనిమిది.

లైటు ఒక్క తీరున మిణుకుతోంది. ఏ లోపమూ లేదని దాని అర్థం.

గంగాధరం మళ్ళీ వైరు పెట్టాడు, మళ్ళీ తాళం తిప్పాడు. ఊహూఁ. అది చక్రం తిరిగేటప్పుడే వచ్చిపోయే లోపం. బండి పరుగెత్తితేగానీ మళ్ళీ పలకదు. ఈ బండి ఇక పరుగెత్తదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు, చూశాడు, బ్రేకుల్లో లోపం లేదని రాశాడు. గంగాధరం ఆయన చేతులు పట్టుకుని జరిగింది చెప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేం కాదు, ఓపిగ్గానే విన్నాడు.

"నువ్వు చూసినావని నేనెట్ల రాసేదప్పా? పోయినాయన నీ తమ్ముడే గదా," అని జీపెక్కాడు.

తిరుమలమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం బరువు తగ్గేది. ఒక్కటే అడిగింది.

"ఆయన నిద్రపోలేదు గదా బావా?"

"లేదమ్మా. నా కండ్లతో సూసినాను."

"అయితే పల్లవికి నువ్వే సెప్పు. వాళ్ళ నాయన నిద్రపోలేదని ఇంగ నువ్వొక్కడివే సెప్పగలవు."

ఆమె వెంట గంగాధరం బడి దారి పట్టాడు. బిడ్డకు ఆ మాట చెప్పాక, దాని రుజువును చెరిపింది ఎవరో కూడా చెప్పాలి.