గట్టి ఒళ్ళు

"నీకేం కాదులే మే. నీది గట్టి ఒళ్ళు."

నేను తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తుంటే, కళ్ళు మూసుకునే ఆ మాట అన్నాడు మా ఆయన ఏలీయా. కరోనా టీకా వేయించుకుని వచ్చిన మర్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. అంత జ్వరంలోనూ నా మీద ప్రేమతోనే అన్నాడు, అందులో నాకు అనుమానం లేదు. అయినా గుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచుతూ నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మా ఇంట్లో అది పాత మాట. పెళ్ళయిన ఏడాది నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పూర్తిగా దిగకముందే లేచి జొన్నరొట్టెలు తట్టాను. అది చూసి మా అత్త వీధంతా చెప్పింది: "మా కోడలిది గట్టి ఒళ్ళప్పా. ఇంగొకరైతే నెల పండుకుందురు." పుట్టింట్లో నన్ను ఎవరూ దేనికీ మెచ్చుకుని ఎరగరు. ఆ మెప్పు నాకు కొత్త చీర కట్టినట్టు ఉండింది. కట్టుకున్నాను. ఇక విప్పడం కుదరలేదు. ఇప్పుడు అత్తారింట్లో ఉన్న మా కూతురు కీర్తన పుట్టినప్పుడు, నడుం పట్టేసినప్పుడు, గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు అదే చీర. ఒళ్ళు గట్టిదని ఒకసారి పేరు పడ్డాక, నొప్పి వచ్చినా ముందు మనకే అనుమానం వస్తుంది, ఇది నిజం నొప్పేనా, లేక నేనే దాన్ని పిలుచుకున్నానా అని. ఇంట్లో వాళ్ళు నమ్మకపోవడం సంగతి తర్వాత. నా నొప్పిని మొదట నమ్మనిది నేనే.

టీకా మొదట మా అత్తకు వేయించాం. ఆమె రెండు రోజులు మంచం దిగలేదు. తర్వాత ఆయనకు. నా వంతు గురించి ఆయనే అన్నాడు: "అందరం ఒగేసారి పండుకుంటే గంజి యెవురు కాస్తారు మే? నువ్వు నిదానంగా ఏసుకుందువులే." సబబుగానే తోచింది. నా జీవితంలో సబబుగా తోచిన మాటలే ఎక్కువ.

ఏలీయా చెడ్డవాడు కాదు. ఆళ్ళగడ్డ నుంచి అహోబిలానికి జీపు తోలతాడు. కరోనా వచ్చాక యాత్రికులు తగ్గిపోయి జీపు ఇంటి ముందే నిలబడి దుమ్ము పట్టింది. ఖాళీగా ఉన్న మనిషి ఎండాకాలం ముంజలు తెచ్చి, ఒక్కొక్కటే ఒలిచి నా నోట్లో పెడతాడు. గింజ బాగా లేతగా ఉంటే అది నాకే. తొక్కలు మాత్రం ఎక్కడ వేశాడో అక్కడే ఉంటాయి, నేను చీపురు తెచ్చేదాకా. ప్రేమ ముంజలోనే ఉందని, తొక్కల్లో లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

నేను అహోబిలం రోడ్డులో చర్చి వాళ్ళు నడిపే ముసలివాళ్ళ హోములో పనిచేస్తాను. ఉండేది తొమ్మిదిమంది ఆడవాళ్ళు. స్నానాలు చేయించడం, గుడ్డలు మార్చడం, అన్నం కలిపి పెట్టడం, జడలు వేయడం నా పని. వాళ్ళలో జయమ్మ మిడుతూరులో టీచరుగా చేసి రిటైర్ అయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయాయి. అందరి తలలూ దువ్వి నేను నడుం వంచలేక నిలబడితే, "రా, ఈడ కూసో" అని మెట్టు మీద కూర్చోబెట్టుకుని ఆ వంకర వేళ్ళతోనే నాకు జడ వేస్తుంది. ఒక పాయ లావు, ఒక పాయ సన్నం. ఆ జడతోనే ఇంటికి పోతాను. "యాడ ఏసినారే ఈ జడ? కండ్లు లేనోళ్ళా?" అంటుంది మా అత్త. పొద్దున తల దువ్వుకునేదాకా దాన్ని విప్పను. జయమ్మ వేళ్ళు నా తలలో తిరుగుతున్నంతసేపు నేను ఎవరికీ ఏమీ కాను. కోడలిని కాను, తల్లిని కాను, ఆయాను కాను. దువ్వించుకుంటున్న తలను, అంతే.

హోములో టీకాలు వేసిన రోజు నర్సు షాలిని ఐస్ పెట్టె భుజాన వేసుకుని వచ్చింది. "ఒగ సీసాలో పదిమందికి వస్తాదక్కా. మూత తీసినాక కొన్ని గంటల్లో అయిపోవల్ల. తొమ్మిది ఈళ్ళకు, పదోది నీకు" అంది. ఆ రోజు హోము చూసుకునే పాస్టరమ్మ గారి అక్క నంద్యాల నుంచి వచ్చి ఉంది. నా దాన్ని ఆమెకు వేయమన్నాను. నన్నెవరూ అడగలేదు. అన్నం గిన్నె దగ్గర నా చెయ్యి తనంతట తానే చిన్న ముద్ద తీసుకుంటుంది చూడండి, అట్లాగే ఆ రోజు వెనక్కి పోయింది. రెండో డోసు నాడు ఆ పదిమందే చేతులు చాపారు. వాళ్ళ భుజాలు పట్టుకుని, కథలు చెప్పి, సూది దిగేటప్పుడు వాళ్ళ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టింది నేనే.

అవి రెండూ అయిన కొన్నాళ్ళకు నంద్యాలలో ఒక ముసలివాళ్ళ హోములోకి జబ్బు చొరబడింది. ఎట్లా వచ్చిందో తెలియదు, మంచం తర్వాత మంచం పట్టుకుందట. ఆ సంగతి చెప్పి జాగ్రత్తలు చెప్పడానికి షాలిని మళ్ళీ వచ్చింది. అందరం వరండాలో కూర్చున్నాం.

"మాకు రెండు సూదులూ పొడిస్తివి కదమ్మా, ఇంగేం భయం?" అంది అంకమ్మ. అవుకు నుంచి వచ్చిన మనిషి. హోములో ఏ విషయమైనా ఆమె నోరు దాటి పోవలసిందే.

"జబ్బు ముదరకుండా టీకా చానావరకు కాపాడతాదవ్వా. కానీ ముసలి ఒంట్లో ఆ బలం తక్కువగా పుడతాది, బేగా తగ్గిపోతాది. జయమ్మ టీచరు కీళ్ళ నొప్పులకు స్టిరాయిడ్ మాత్రలు మింగుతాది కదా, ఆమెకు ఇంగా తక్కువ. అట్లాటోళ్ళను ముట్టుకునేటోళ్ళకు టీకా అయ్యుండల్ల. వాళ్ళే గోడ." షాలిని నా వైపు తిరిగింది. "నీకు రెండూ అయినాయి కదక్కా?"

"ఒగటి గూడా కాలే."

ఇంతమంది చేతులు పట్టుకున్నదాని చేతికి సూది పడిందా అని అన్నాళ్ళూ వాళ్ళకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. నేను జయమ్మ వైపు చూశాను. పొద్దున ఆమెకు ఉప్మా తినిపించి, మూతి తుడిచి వచ్చాను. ఆమె కుర్చీని మోచేతులతో వెనక్కి నెట్టుకుంది.

"అయితే నా దగ్గరికి రావద్దు ఎస్తేరూ."

"టీచరమ్మా..."

"నిన్ను తిట్టేది కాదు. నాకు సావాలని ల్యా. ఇంగా ల్యా." నా వైపు చూసి, "నీకు ఉండాదా?" అంది.

ఆ సాయంత్రం నా జడ ఎవరూ వేయలేదు. ఇంటికి నడుస్తూ ఆమె మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాను. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి, వేళ్ళు ముడుచుకుపోయిన మనిషి, చావాలని లేదని అంత మామూలుగా చెప్పింది, కాఫీలో చక్కెర తక్కువైందని చెప్పినట్టు. నాకు ఇది కావాలి అని నేను చివరిసారి ఎప్పుడన్నానో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. నా వంతు వదులుకోవడమే ప్రేమ అనుకున్నాను. అందరికీ చాలినాక మిగిలితే తీసుకోవడం, మిగలకపోతే కడుపు నిండిందనడం. అట్లా వదులుకున్నది నా ఒక్కదానిదే అని ధీమా. కానీ ఆ పదో డోసు నా ఒక్కదానిదే కాదు. దాని వెనక జయమ్మ కూర్చుని ఉంది, వంకర వేళ్ళతో, చావాలని లేకుండా. నన్ను నేను లెక్కలోంచి తీసేసుకున్నప్పుడు ఆమెను కూడా తీసేశాను. నన్ను ఆమె కుర్చీ దగ్గరికి రానీయకుండా చేసింది నా మంచితనమే అని తెలియడం చాలా వింతగా ఉండింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియక, ఆ కోపాన్ని అట్లాగే పట్టుకుని ఇల్లు చేరాను.

"రేపు టీకా క్యాంపుకు పోతాండా" అన్నాను అన్నం వడ్డిస్తూ.

"రేపా?" ఏలీయా తలెత్తాడు. "అమ్మకు మోకాలు ఇంగా తగ్గల్యా. నువ్వు పండుకుంటే ఎట్లా?"

"దానికి యాడ వస్తాది జ్వరం?" మా అత్త మంచం మీంచే అంది. "అది పండుకునే రకం కాదు. దానిది గట్టి ఒళ్ళు."

"వస్తాది అత్తా" అన్నాను. "ఈసారి వస్తాది. హోములో వెనక గది ఖాళీగా ఉండాది. తగ్గేదాకా ఆడనే పండుకుంటా."

ఏలీయా ముద్ద కలపడం ఆపాడు. "ఆడ నిన్ను యెవురు సూస్తారు?" అన్నాడు. నిజంగానే బెంగపడి అడిగాడు.

"ఈడ యెవురు సూస్తారు?" అని అడిగాను. దెప్పడానికి కాదు. నాకూ జవాబు కావాలి. ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు, జీపు వైపు చూశాడు, చివరికి కంచంలోకి చూసుకున్నాడు.

మర్నాడు సూది వేయించుకుని నేరుగా హోముకు వెళ్ళాను. "ఒంట్లో కొంచెం బలం పుట్టేదానికి రెండు మూడు వారాలన్నా పడతాదక్కా. రెండోది గూడా ఏసుకోవల్ల. అంతదాకా టీచరు దగ్గరికి పోవద్దు" అంది షాలిని. జయమ్మ పనులు వంటామె చూస్తానంది. వెనక గదిలో ఇనప మంచం, దుప్పటి, పారాసెటమాల్ మాత్రలు, వరండా వైపు ఒక కిటికీ. తలుపు వేసుకుని పడుకుని జ్వరం కోసం ఎదురుచూశాను. పండగకు చుట్టాల కోసం ఎదురుచూసినట్టు. ఎంత నిద్రపోయానో. తెల్లారి లేచేసరికి ఎండ గోడ మీదికి వచ్చింది. థర్మామీటరు పెట్టుకున్నాను. జ్వరం లేదు. భుజం కొద్దిగా సలుపుతోంది, అంతే. మా అత్త మాటే నెగ్గింది.

కాళ్ళు కిందపెట్టాను. అలవాటు, అది నాకన్నా ముందే లేచింది. ఇంటికి పోతే అంట్లు ఉంటాయి, అత్తకు నీళ్ళు కాచాలి. అప్పుడు కిటికీలోంచి జయమ్మ కనిపించింది. వరండా అవతలి చివర కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో దువ్వెన. నన్ను చూసి రమ్మనలేదు, పొమ్మనలేదు. దువ్వెన పళ్ళలో చిక్కిన వెంట్రుకలు ఒక్కొక్కటే తీస్తోంది, తొందరేం లేనట్టు. నేను కాళ్ళు మళ్ళీ మంచం మీదికి తీసుకున్నాను.

ఫోను మోగింది. స్పీకరులో పెట్టాను. "ఎట్లుండాది మే జ్వరం?" ఏలీయా అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే కిటికీ అవతల నుంచి అంకమ్మ అరిచింది: "ఒళ్ళు కాలిపోతాంది నాయనా. పెనం పెట్టినట్టుండాది."

జయమ్మ ఆమె వైపు చూసింది. "అంకమ్మా, అబద్ధం" అంది మెల్లగా. "మీ దేవునికి మీరు చెప్పుకోండి టీచరమ్మా, మా నరసింహసామి ఏమనుకోడులే" అంది అంకమ్మ.

మధ్యాహ్నం గేటు బయట జీపు ఆగిన చప్పుడైంది. బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. ఏలీయా మాస్కు గడ్డం కిందికి జారిపోతుంటే పైకి లాక్కుంటూ, గేటు దగ్గర క్యారియరు పెట్టి వెనక్కి జరిగి నిలబడ్డాడు. నేను దుప్పటి కప్పుకుని వెళ్ళాను. గంజి. మా పెళ్ళయ్యాక ఆయన పొయ్యి ముట్టించడం అదే మొదలు. ఎడమ చేతి మీద కాలిన మచ్చ ఉంది. దాన్ని వీపు వెనక పెట్టుకున్నాడు.

"అత్త?" అన్నాను.

"తిట్టుకుంటానే తాగింది."

అక్కడే గోడవారన కూర్చుని తాగాను. ఉండలు కట్టింది, అడుగంటిన వాసన. సముద్రమంత ఉప్పు. నేను తాగుతుంటే ఆయన నా గొంతు వైపే చూస్తున్నాడు, ఒక్కో గుక్క దిగడం చూస్తున్నాడు. నేను ఆయన గొంతును ఎన్నేళ్ళుగా అట్లా చూశానో నాకు తెలుసు. చూసే వైపు నిలబడితే ఎట్లా ఉంటుందో ఆయనకు ఇప్పుడు తెలుస్తోంది. నాకు ఆయన మీద చాలా ప్రేమ కలిగింది. ఆ ప్రేమలో లేచి చెప్పేద్దామనిపించింది, జ్వరం లేదు, పద ఇంటికి పోదాం అని. నా ఒళ్ళు నిజంగానే గట్టిది. కానీ ఆ సంగతి ఇక నాకు తెలిస్తే చాలు.

"రేపటికి తగ్గుతాదా?" అని అడిగాడు.

ఖాళీ గిన్నె క్యారియరులో పెట్టి మూత బిగించి, గేటు అవతలికి జరిపాను.

"రేపు ఉప్పు కొంచెం తగ్గించు" అన్నాను.