ప్రెసిడెంటు గారి పచ్చిక

పట్నం వెళ్లి బ్రాడీపేటలో ఓ డాక్టరు గారింటి ముందు పచ్చిక చూసొచ్చిన దగ్గర్నుంచీ పంచాయతీ ప్రెసిడెంటు అంకమ్మరావుకి మనసు మనసులో లేదు. మంచినీళ్ల చెరువుకట్టను ఆనుకున్న తన కొత్త మేడ ముందు అరెకరం గడ్డి నాటించాడు. ఆయనకి తెలిసింది మిరప సేద్యం. ఆకు నల్లబడేదాకా యూరియా చల్లడమే. గడ్డికీ అదే మర్యాద చేశాడు.

రెండు వానలకి ఆ యూరియా కొట్టుకుపోయి చెరువు పచ్చబడింది. కూలిపనులు చేసుకునే ఎలీసమ్మ నీళ్లు తేరడానికి బిందెలో చిల్లగింజ అరగదీసి వేసింది. బురదైతే అడుక్కి దిగేది. ఈ పచ్చదనం దిగలేదు. ఊళ్లో బావులన్నీ ఉప్పు. ఏడాది నిండని మనవడికి వారం నుంచీ విరేచనాలు.

"పిల్లాడికి ఈ నీళ్లే పట్టాలా అత్తా?" అంది కోడలు రెబ్కా.

"లేదంటే రెండు మైళ్లు కాలవకి పోవాలి. కూలికెప్పుడు పోతావే?"

జనం గొడవపడితే పంచాయతీ తీర్మానం చేసింది: చెరువుకట్టకు వంద గజాల లోపు ఏ పైరుకీ ఎరువు వెయ్యరాదు. మొదటి సంతకం అంకమ్మరావుదే. మర్నాడే గుమాస్తా పేరయ్య వచ్చి చెరువుకట్ట పక్కనే ఉన్న ఎలీసమ్మ గుడిసె మీది బీరపాదు పీకేశాడు.

"పేడ తప్ప ఏం వేశానయ్యా?"

"పేడ ఎరువు కాదా?"

"మరి ఆ మేడ ముందు యూరియా?"

"అది పైరు కాదమ్మా, గడ్డి. ప్రెసిడెంటు గారే చెప్పారు."

ఎలీసమ్మ గేదె పలుపు విప్పి ఆ గడ్డి మీదికి తోలింది. యూరియా అంతా చెరువులోకే పోయింది కాబట్టి గడ్డి మేసినా గేదెకి భయంలేదు.

అంకమ్మరావు లుంగీ ఎగగట్టి పరుగెత్తుకొచ్చాడు. "ఏమే, ఒళ్లు కొవ్వెక్కిందా? ఒరేయ్ పేరయ్యా, తోలరా ఆ గేదెని బందెలదొడ్డికి!"

పేరయ్య దొడ్డి పుస్తకం తెరిచి తల గోక్కున్నాడు. "పైరు మేసిన గొడ్డునేనండి దొడ్లో పెట్టేది. ఏం పైరని రాయమంటారు?"

నీళ్లకొచ్చిన జాన్‌బీ బిందె దించింది. "రాయించండి బాబూ. పైరని తేలితే తీర్మానం ఎటూ ఉంది."

అంకమ్మరావు గేదె వంకా, పుస్తకం వంకా చూశాడు. "వదిలెయ్‌రా," అన్నాడు చివరికి. "గడ్డేగా."

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. తెల్లారేసరికి పదహారు గేదెలూ, మేకలు కాసే జోసఫ్ మందా మేడ ముందున్నాయి. వారానికి ఆ చోటు కళ్లంలా నున్నబడింది. మిగిలిన యూరియా దూరంగా ఉన్న ఆయన మిరపచేలోకి పోయింది.

చెరువు తేరుకోవడానికి నెలన్నర పట్టింది. అందాకా పిల్లాడి నీళ్ల కోసం రెబ్కా రోజూ కాలవకి నడిచింది. ఓ పొద్దున చెరువునీళ్లు పట్టి చిల్లగింజ వేసిన బిందెలోకి తొంగిచూస్తే, అడుగున ఉన్న సొట్ట కనిపించింది ఎలీసమ్మకి.

"కాలవకి పోవద్దులే," అని కోడల్ని కేకేసింది.