ముప్పైరెండు అంగుళాలు

కాలర్ విప్పడం అయింది. తిరగేసి కుడితే ఆ చొక్కా ఇంకో మూడేళ్లు నడుస్తుంది. టైలరమ్మ దారపు ముక్కల్ని ఉఫ్‌మని ఊదేసి, కుడిచేత్తో మిషను చక్రం తిప్పడం మొదలుపెట్టింది. కాలితో తొక్కే మిషను ఆమెకు పనికిరాదు. నాలుగో ఏటనే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. మిషను చక్రం తిప్పీ తిప్పీ, కుర్చీ చక్రాలు తోసీ తోసీ, భుజాలు మాత్రం బస్తాలు మోసే మనిషి భుజాల్లా గట్టిపడ్డాయి. మెడలో ఎప్పుడూ వేలాడే టేపు పసుపు వెలిసి బిస్కెట్టు రంగుకొచ్చింది. ముప్పైరెండో అంగుళం దగ్గర ఎర్రదారంతో చిన్న ముడి.

"పెద్దమ్మా, కాస్త టీ తాగి వెళ్లు," అంది చెల్లెలి కూతురు, గ్లాసుతో వచ్చి.

"మంగళవారం కదే."

"డాక్టరేమన్నాడో గుర్తుందా? కిడ్నీలు ఎండిపోతున్నాయి, నీళ్లు బాగా తాగమన్నాడు."

"ఆరు రోజులు తాగుతున్నాగా. వారానికి ఒక్కరోజు సెలవు ఎవరికైనా ఉంటుంది."

మంగళవారం వికలాంగుల సేవా కార్యాలయంలో అర్జీలు తీసుకునే రోజు. ఇరవైరెండేళ్లుగా ఆమె ఒక్క మంగళవారం కూడా తప్పలేదు. పొద్దున లేచింది మొదలు ఇంటికి తిరిగొచ్చేదాకా గొంతులో చుక్క నీరు పోయదు. కొత్తవాళ్లు అదేదో మొక్కనుకుంటారు. మొక్కూ లేదు, పాడూ లేదు. అక్కడి మరుగుదొడ్డి తలుపులో చక్రాల కుర్చీ పట్టదు. అంతే.

మొదటిసారి తన కుర్చీ కోసమే వెళ్లింది. ఒక్క కాగితానికి పదకొండుసార్లు తిప్పారు. మూడోసారికే ఆమెకు లెక్క అర్థమైంది: తిరగడం ఎలాగూ తప్పనప్పుడు ఉత్తచేతులతో తిరగడమెందుకు? వీధి చివర చెవిటి మనిషిదీ, వెనక సందులో చూపులేని పిల్లదీ, వాళ్లు చెప్పిన ఇంకో నలుగురివీ కాగితాలు ఒళ్లో పెట్టుకుని నాలుగోసారి వెళ్లింది. పదకొండోసారికి తన కుర్చీ వచ్చింది. ఒళ్లో కాగితాలు మాత్రం తగ్గలేదు.

ఆమె అరవదు, ఏడవదు, ఎవరి కాళ్లూ పట్టుకోదు. మెడలోంచి టేపు తీస్తుంది. మెట్లు ఎంత ఎత్తున్నాయో, కౌంటరు ఎంత ఎత్తుందో కొలుస్తుంది. అంకె చెబుతుంది. ఊరుకుంటుంది. వచ్చేవారం మళ్లీ వచ్చి అదే అంకె చెబుతుంది. మాటకు మాట తిప్పికొట్టొచ్చు గానీ అంకెను తిప్పికొట్టడానికి ఆఫీసర్ల దగ్గర ఏముంటుంది? అలా మెట్ల పక్కన కుర్చీ ఎక్కే వాలుదారి వచ్చింది. కౌంటరు నడుము దగ్గరికి దిగింది. ఆఫీసులో ఆమెను చాటుగా టేపమ్మ అంటారు. ఆమెకు తెలుసు. కోపం లేదు.

ఆ రోజు సూపరింటెండెంటు గుమ్మం దాకా ఎదురొచ్చాడు. టైలరమ్మ అప్పుడే అనుకుంది, ఈయనకు నాతో పనిబడిందని.

"రండమ్మా, రండి. మంచి కబురు. కట్టిన కొత్త భాగంతో కలిపి మొత్తం భవనానికి మీ పేరు పెట్టాలని కమిటీ తీర్మానించింది. శుక్రవారం ప్రారంభం. మీ అంగీకారం కింద ఇక్కడ ఒక్క సంతకం చేస్తే చాలు."

ఆమె కాగితం చదివింది. తర్వాత బల్ల పక్కనున్న గోనెపట్టా మూట వైపు చూసింది. మూట విప్పిన చోట స్టీలు అక్షరం ఒకటి తళతళలాడుతోంది. ఆమె పేరులోని మొదటి అక్షరం.

"అక్షరాలు కోయించేశారా?"

"మీరు కాదంటారా ఏమిటి అని..." సూపరింటెండెంటు నీళ్లు నమిలాడు.

టైలరమ్మ పెన్ను మూత పెట్టేసింది. సరుకు ఇంటికి మోయించుకున్నాక ధర అడిగే మనిషిని చూసినట్టు చూసింది.

"మరుగుదొడ్డి తలుపు సంగతి?"

"అది అయిపోయిందమ్మా. కొత్తది పెట్టించాం. సరిగ్గా ముప్పైరెండు అంగుళాలు. నేనే దగ్గరుండి కొలిపించాను."

"చూద్దాం పదండి."

వరండాలో లాటరీ అన్న కనిపించాడు. లాటరీ టికెట్లు అమ్మే భారీ మనిషి. ఆయన చక్రాల కుర్చీ వెడల్పు ముప్పై అంగుళాలు. "ఏం చెల్లెమ్మా, నీ పేరు గోడకెక్కుతోందటగా? ఇక నిన్ను తలెత్తి చూడాలన్నమాట."

"నువ్వు పొద్దున్నుంచి నీళ్లు తాగావా అన్నా?"

"మంగళవారం నీళ్లేమిటి?"

"రా నాతో."

కొత్త తలుపు నున్నగా ఉంది. లాటరీ అన్న కుర్చీ తోశాడు. చక్రం తలుపు రెక్కకు తగిలి ఆగిపోయింది. మళ్లీ తోశాడు. పిడికిలి గీరుకుంది. సూపరింటెండెంటు మొహంలో రంగు మారింది. వడ్రంగి మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ తన ఇనుప టేపు తీసి చౌకట్టుకు అడ్డంగా పట్టాడు. "ముప్పైరెండు సారూ. వెంట్రుకవాసి తేడా లేదు."

"చౌకట్టు కాదు మేస్త్రీ," అంది టైలరమ్మ. "తలుపు తెరిచి, రెక్క నుంచి చౌకట్టు అవతలి అంచుకు కొలువు."

కొలిచాడు. ఇరవైతొమ్మిది. తెరిచిన రెక్కా, దాని పిడీ కలిసి మూడు అంగుళాలు మింగేశాయి.

"నేను గుడ్డను కొలిచి చొక్కా కుట్టను. మనిషిని కొలిచి కుడతాను," అందామె. "మీరు తలుపు కొలిచారు. ఈయన్ని కొలవలేదు."

"గోడ పగలగొట్టాలమ్మా, పది రోజుల పని," అన్నాడు సూపరింటెండెంటు. "శుక్రవారం కానివ్వండి. తర్వాత తప్పకుండా చేయిస్తాను. మీ పేరు మీద ఒట్టు."

"నా పేరింకా మీకివ్వలేదు, ఒట్టెలా వేస్తారు?" వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. "బేరం సూటిగా చెబుతాను సారూ. మీకు పేరు కావాలి. నాకు సందు కావాలి. శుక్రవారం దాటితే నా పేరుకు ఇంత గిరాకీ ఉండదని నాకూ తెలుసు. ఇవాళ ఈ అన్న లోపలికెళ్లి వస్తే సంతకం పెడతాను. లేదంటే ఆ స్టీలు కరిగించి గిన్నెలు చేయించుకోండి."

సూపరింటెండెంటు మేస్త్రీ వంక చూశాడు. మేస్త్రీ నేల చూశాడు.

"గోడ జోలికి పోవద్దు మేస్త్రీ," అంది టైలరమ్మ. "రెక్క ఊడదీసి, బయట గోడకు పట్టాలు బిగించి, పక్కకు జరిగేలా వేలాడదీయి. చౌకట్టులో రెక్క ఉండదు, మూడు అంగుళాలూ మనవే. పాత స్టోరు తలుపు పట్టాలు వెనక వరండాలో పడున్నాయి. పోయిన మంగళవారమే చూశాను."

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. ఆ తర్వాత నవ్వాడు. "రెండు గంటల పని."

ఆ రెండు గంటలూ ఆమె ఏడుగురి అర్జీలు రాసింది. తలుపు గోడవారగా జరిగింది. లాటరీ అన్న లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చాక తడిచేతులు చొక్కాకు తుడుచుకుంటూ ఆమె కుర్చీ పక్కన తన కుర్చీ ఆపాడు.

టైలరమ్మ సంతకం పెట్టింది. పూర్తి పేరు, పొల్లుతో సహా.

"మంచినీళ్లు ఇప్పిస్తారా?" అంది.

సూపరింటెండెంటే స్వయంగా తెచ్చాడు. ఇరవైరెండేళ్లలో ఆ భవనంలో ఆమె తాగిన మొదటి గ్లాసు. గటగటా తాగి, రెండోది అడిగింది. తర్వాత మెడలోని టేపు తీసి మేస్త్రీకి ఇచ్చింది.

"కొత్త భాగంలో ఇంకా ఆరు తలుపులున్నాయి. నీ ఇనుపటేపులో ఈ ముడి లేదు. పనయ్యాక ఇద్దువులే."

ఇంటికొచ్చేసరికి మూడయింది. టేపు లేని మెడను చూసి చెల్లెలి కూతురు అడిగింది, "పారేసుకున్నావా?"

"పనికి పంపించాను. ఆ టీ ఏదీ, పెట్టు ఇప్పుడు."

కాలర్ రెండో వైపు నాలుగు వేళ్ల మేర మిగిలింది. మిషను చప్పుడు వంటగదిలోకి వినిపిస్తూనే ఉంది. టీ పొంగుతుండగా ఆగింది. చెల్లెలి కూతురు గ్లాసు పట్టుకుని వచ్చేసరికి కుట్టు చివరిదాకా వచ్చి ఉంది. దారం తెంపి ఉంది. టైలరమ్మ చెయ్యి చక్రం మీదే ఉంది, తల మాత్రం పక్కకు వాలింది. పిలిస్తే పలకలేదు.

శుక్రవారం ఆమె లేకుండానే అక్షరాలు గోడకెక్కాయి. ఉపన్యాసాలు ఎండ నెత్తికెక్కేదాకా సాగాయి. లాటరీ అన్న మాత్రం సగంలోనే కుర్చీ తిప్పుకుని, మరుగుదొడ్డి తలుపు పక్కకు జరిపి లోపలికి వెళ్లాడు. ఆరు తలుపులూ పట్టాల మీదికి ఎక్కాయి. చివరి తలుపు పక్కన, కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులో మేస్త్రీ ఒక మేకు కొట్టాడు. దానికి బిస్కెట్టు రంగు టేపు వేలాడుతోంది, ఎర్రముడి పైకి కనబడేలా.